ఆరని అలుకు

మొదటి గంట కొట్టి ఇనుప కమ్మీ కింద పెట్టేసరికి జీవమ్మ కుడి భుజం పట్టేసింది. గంట అని పేరే గానీ అది నిజం గంట కాదు. డోన్ జంక్షన్‌లో పట్టాలు మార్చిన ఏడాది గిడ్డయ్య భుజాన మోసుకొచ్చిన మూరెడు రైలు పట్టా ముక్క. ప్రార్థన గుడి ముందర వేపకొమ్మకు తీగతో కట్టి వేలాడదీశారు, దాన్ని పన్నెండు దెబ్బలు కొడితే ఆదివారం మొదలైనట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆ పన్నెండు దెబ్బలూ జీవమ్మవే. జ్వరంతో కొట్టింది, వానలో కొట్టింది, మొగుడు పోయిన మూడోనాడు ఆదివారమైతే ఆరోజూ వచ్చి కొట్టింది. మొదటి గంటకు ఊరవతలి గేరిలో తలలకు నూనె పడుతుంది, పెట్టెల్లోంచి ఉతికిన గుడ్డలు బయటికొస్తాయి. రెండో గంటకు జనం వచ్చి కూర్చుంటారు. ఈ మధ్యనున్న కాస్త పొద్దులో గుడి ఖాళీగా ఉంటుంది, అందులో జీవమ్మ ఒక్కతే చీపురుతో, చాపలతో, మోకాళ్ళ నొప్పులతో తిరుగుతూ ఉంటుంది. దేవుడితో మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదని కొత్తలో అనుకునేది. తీరా ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో ఎక్కువగా మాట్లాడింది చెదల గురించీ ఎలుకల గురించీనే.

ఈరోజు ఆ కాస్త పొద్దు కూడా చాలదు. నిన్న సాయంత్రమే నేలంతా అలికి, తడిక మూసి, తాడు కట్టి వెళ్ళింది. తెల్లారి వచ్చి చూస్తే తాడు తెగి ఉంది, పెద్ద ఈరన్న మేకలు పద్నాలుగూ లోపల నింపాదిగా నెమరు వేస్తున్నాయి, ఒకటైతే ఏకంగా బల్ల కిందే పడుకుంది. ఈరన్నను తిట్టీ లాభం లేదు, గుడిలోకి రమ్మని మీరే గదా అందరినీ పిలుస్తాండేది అంటాడు, ఆయన వేళాకోళం ఆయనది. మేకల్ని తరిమి, పెంటికలు ఊడ్చి చూసుకుంటే నేల నిండా గిట్టల గుంతలు, తడి మరకలు. మూడు నెలలకొకసారి వచ్చే బల్ల ఆరాధన ఈరోజే. కర్నూలు నుంచి మిషను దొర కోడుమూరు దాకా మోటారులో వచ్చి, అక్కడ్నుంచి ఎద్దులబండి ఎక్కి వచ్చి, ఈ నేల మీద నిలబడి రొట్టె విరవాలి. పల్చగా ఇంకో అలుకు పెట్టక తప్పదు. ఎండాకాలం గనక జనం వచ్చేసరికి చాలామటుకు ఆరుతుంది. దొర పంపిన గోధుమపిండితో రొట్టె కాల్చడం తెల్లవారుజామునే అయింది, నానిన ఎండుద్రాక్ష పిసికి రసం వడగట్టడమూ అయింది, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ చవిటి మన్నుతో ఉతికి కంప మీద ఆరేసింది. ఒక్కొక్కటి చూస్తే ఎంత పని, ఏమీ లేదు. అన్నీ కలిసి అరవై ఏళ్ళ ఒంటి మీద పడతాయి. పేడ బుట్ట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. నీళ్ళు రావాలి. నీళ్ళకు ఓబులమ్మ పోయింది.

ఓబులమ్మ చెల్లెలు, ఒకే కడుపున ఎనిమిదేళ్ళ తర్వాత పుట్టిన చెల్లెలు. సవతి కూడా. ఈ రెండో మాట గేరిలో ఎవరూ నోరు తెరిచి అనరు, అనక్కర్లేకుండానే అందరికీ తెలుసు. వంకలో ఇసక తోడి చెలమ చేసి, ఊరిన నీళ్ళు చిప్పతో ఎత్తి కడవ నింపాలి, అందుకే ఆలస్యం. ఆలస్యమే మంచిదనుకుంది జీవమ్మ, అంతలోనే ఎందుకు మంచిదని తన్ను తనే అడిగింది. నిన్న సాయంకాలం ప్రకాశం వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పినప్పటి నుంచి కంటికి కునుకు లేదు. ప్రకాశం ఈ గుడికి ఉపదేశి, పిల్లలకు బడి చెప్తాడు, ఆదివారం వాక్యం చెప్తాడు, ముప్పై మూడేళ్ళవాడైనా చెప్పాల్సిన మాటను ముందు నేలకు చెప్పి తర్వాత మనిషికి చెప్పే అలవాటు పోలేదు. "అమ్మా, రేపు చిన్నమ్మ బాప్తిస్మానికి సాచ్చిగా నువ్వే నిలబడల్ల. కొత్త దొర పుస్తకంలో ఉండేదంతా అడుగుతాడంట. ఈమెకూ నీకూ మధ్య ఏమన్నా ఉండాదా అని అడుగుతాడు. ఏమీ లేదు అని చెప్పు, సాలు." అంతే చెప్పి పోయాడు. ఏమీ లేదు. మూడు మాటలు కూడా కావు. నోట్లో వేసుకుని తెల్లార్లూ అటూ ఇటూ తిప్పింది గానీ మింగుడు పడలేదు.

ఏమీ లేకపోవడమేమిటి. తనకు పెళ్ళైన పన్నెండేళ్ళకు కూడా కడుపు పండకపోతే, అమ్మే ఓబులమ్మను తెచ్చి అదే ఇంట్లో ఇచ్చింది, పరాయిది వస్తే నిన్ను తోసేస్తాది, ఇది నీ చెల్లెలు, నీ మాట ఇంటాది అని. విన్నది కూడా. మొగుడి పేరప్పుడు ఏసేపు కాదు, ఉరుకుందు. మంచివాడు, అంటే ఎవరి మీదా చెయ్యెత్తడు, ఎవరి తరఫునా నోరెత్తడు. రెండేళ్ళకు మగపిల్లోడు పుట్టాడు. నీళ్ళు పోసింది జీవమ్మ, కాటుక పెట్టింది జీవమ్మ, దిష్టి తీసింది జీవమ్మ, పాలకు మాత్రం ఏడ్చి ఓబులమ్మ దగ్గరికి పోయేవాడు. మాట వచ్చాక అమ్మా అని పిలిచి పరిగెత్తేది కూడా అటే. తనను పెద్దమ్మ అనేవాడు. ఆ పెద్ద అన్న ముక్క ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఒకసారి, చెల్లెలు చేలో ఉన్నప్పుడు, తలుపు మూసి పిల్లోణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని అమ్మా అను నాయనా, ఒక్కసారి అను అని బెల్లం ముక్క చూపించింది. వాడు బెల్లం తిని పెద్దమ్మా అన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఆ ఏడే గేరి గేరంతా యేసయ్య మతంలో కలిసింది. దొరలు పెట్టిన నియమాలు నాలుగైదుంటే అందులో ఒకటి, ఇద్దరు పెండ్లాలున్నవాడికి బాప్తిస్మపు నీళ్ళు పొయ్యరు, మొదట తాళి కట్టినామెను ఉంచుకుని రెండో ఆమెను వదలాలి. మొగుడు మూడు రోజులు అన్నం ముట్టకుండా గోడ చూస్తూ కూర్చున్నాడు, అదే ఆయన చేసిన యుద్ధం. నాలుగో రోజు, చింతతోపులో గుడారం వేసుకుని ఉన్న పాత దొర, జీవమ్మను ఒక్కదాన్నే పిలిపించాడు. ఆయన తెలుగు పుస్తకంలో నుంచి లేచి వచ్చినట్టుండేది, ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. "అమ్మా, నీ చెల్లెలు ఏ తప్పును చేయలేదు. ఆమెను నీ భర్త పోషింపవలసినదే. గేరి చివర ఆమెకొక గుడిసె వేయించెదము. బిడ్డ ఆమె కంటికి దూరము కాకుండును. కాని ఇందుకు ఇంటి ఇల్లాలివి నీవు ఒప్పుకొనవలెను. నీకు సమ్మతమేనా?" గుడారం తాడు కట్టిన మేకు వంకే చూస్తూ నిలబడింది. ఆ మేకు చుట్టూ గండుచీమలు తిరుగుతున్నాయి. ఆయన ఇంకోసారి అడిగాడు. "వద్దు దొరా" అంది. ఎందుకని ఆయన అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదో. ఒక నిట్టూర్పు విడిచి, సరే పొమ్మన్నాడు. బయట చింతచెట్టు కింద మొగుడూ చెల్లెలూ పిల్లోణ్ణెత్తుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు ఏమీ అడగకముందే ఆమే చెప్పేసింది, "దొర ఒప్పుకోల్యా. ఊర్లోనే ఉండకూడదంట." ఆ మాట అనడానికి కష్టపడాల్సి వస్తుందనుకుంది గానీ, సులువుగా వచ్చేసింది. పాత దొర ఆ తర్వాత రెండేళ్ళకే ఓడెక్కి వాళ్ళ దేశం పోయాడు, అక్కడే పోయాడని కూడా విన్నారు. ఆ మాట తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇక ఒక్కరే మిగిలారు.

"మ్యాకలు పెంటికలేస్తే ఏసినాయి, ఆ పేడన్నా కలిపి పెట్టుకోలేవా? కూచోని ఏం చేస్తాండావు?" ఓబులమ్మ చంకలోని కడవ దింపింది, ఆయాసంతో రొమ్ము గురగురలాడుతోంది. ఆదోని జిన్నుల్లో పాతికేళ్ళు పత్తి దుమ్ము పీల్చిన రొమ్ము. ఆలూరులో అన్నదమ్ముల ఇంట వదినెలు నాలుగేళ్ళు సహించి, తర్వాత సహించలేదు, జిన్నుకు పోయింది. మళ్ళీ పెళ్ళి చేస్తామంటే నాకు మొగుడుండాడు గదా అన్నదట. ఏసేపు పోయిన కబురు ఆమెకు చేరడానికి నెల పట్టింది, చేరాక ఆర్నెల్ల కిందట ఒక మూటతో వచ్చి గుమ్మంలో నిలబడి, "అక్కా, కొన్నాళ్ళుంటా" అంది. "ఉండు" అంది జీవమ్మ. ఇద్దరూ ఏడవలేదు. ఏడ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది, పైగా ఆ రోజు జొన్నలు దంచే పని ఉంది. మర్నాటి నుంచి గుడి పని కూడా ఇద్దరిదీ అయింది. ఆదివారం మాత్రం ఓబులమ్మ వాకిలి దగ్గర వట్టి నేల మీద కూచునేది, ఎందుకంటే చాపలు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు. బాప్తిస్మం లేనివాళ్ళు, తప్పు చేసి బల్లకు దూరమైనవాళ్ళు వెనక నేల మీద కూచోవాలి, అదీ ఇక్కడి కట్టడి. రెండు నెలల కిందట ఒక పొద్దున చాపలు దులుపుతూ ఉన్నట్టుండి అడిగింది. "అక్కా, నేను సస్తే ఆయప్ప పక్కన పూడుస్తారా?" కొత్తమతం వాళ్ళ శ్మశానం వేరే ఉంది, కంప కంచె వేసి, నీళ్ళు పోయించుకోనివాళ్ళకు అందులో చోటు లేదు. అది చెప్తే, "అయితే పోయించుకుంటా" అంది, కడవెడు నీళ్ళు తెచ్చుకోవడం గురించి మాట్లాడినట్టు. ప్రకాశం ఆమెకు రెండు నెలలు వాక్యాలు నేర్పాడు. చిన్నమ్మా అనే పిలుస్తాడు. ఎవరి కడుపున పుట్టాడో వాడికి పదేళ్ళప్పుడే ఎవరో చెప్పారు, ఇంటికొచ్చి ఏమీ అడగలేదు, ఆరోజు అన్నం మాత్రం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

పేడ, ఎర్రమన్ను, నీళ్ళు కలిపి పల్చగా చేసుకున్నారు. ఓబులమ్మ ఎడమ గోడ వైపు, జీవమ్మ కుడి గోడ వైపు, బల్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ వాకిలి దాకా రావాలి. అలుకు ఇద్దరు పెడితే నడుమ అతుకు కనబడకూడదని అమ్మ నేర్పింది. ఒకరి చెయ్యి ఆరకముందే ఇంకొకరి చెయ్యి వచ్చి దాని మీదుగా పోవాలి. చిన్నప్పుడు ఇద్దరూ అలా అలుకుతుంటే అమ్మ వెనక నిలబడి గీత కోసం వెతికేది, దొరికితే ఇద్దరికీ చెరొక మొట్టికాయ. ఓబులమ్మ వేళ్ళు జిన్ను పనిలో వంగిపోయాయి, అందుకని ఆమె గీసే వంపు ఇప్పుడు ఒక పక్కకు లాగుతుంది. అయినా ఆ వంపు జీవమ్మకు తెలుసు. ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. ఆలూరికి వెళ్ళిపోయిన రోజు, పొద్దున్నే లేచి, ఓబులమ్మ ఇల్లంతా అలికింది. పోయేది నువ్వు, అలికేదెందుకే అని ఎవరో అంటే, పిల్లోడు మన్నులో పొర్లుతాడు అంది. అలికి, చేతులు కడుక్కుని, పిల్లోడు నిద్రపోతుండగానే బయల్దేరింది. లేస్తే పోలేననుకుందేమో. మొగుడు ఊరి పొలిమేర దాకా పోయి తిరిగొచ్చి మంచమెక్కాడు. పిల్లోడు లేచి అమ్మా అమ్మా అని ఇల్లంతా వెతికాడు. ఆ నేల మీద ఆ వంపులన్నీ ఎండలో ఒక్కొక్కటే తేలుతున్నాయి, గోడ దగ్గర, పొయ్యి దగ్గర, గడప మీద. చూడలేకపోయింది జీవమ్మ. ఆ సాయంకాలమే పేడ కలిపి, ఆ అలుకు మీద తన అలుకు పెట్టేసింది.

ఇన్నేళ్ళలో చేసిన పాపాలన్నీ లెక్క వేస్తే గుడారంలో అన్న మాట కంటే, చింతచెట్టు కింద చెప్పిన అబద్ధం కంటే, ఆ సాయంకాలం పెట్టిన అలుకే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకో తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. పిల్లోడు మూడు రోజులు ఏడ్చాడు. నాలుగో రోజు జ్వరంతో లేచి, ఆమె మెడ చుట్టూ చేతులేసి అమ్మా అన్నాడు. ఆ రోజు ఆమె సంతోషించింది. ఒళ్ళంతా సంతోషించింది. ఆ సుఖం నిజమైనది, అది తప్పని ఇప్పుడు కూడా మనసారా అనలేదు. అందుకే ప్రతి బల్ల ఆరాధనకూ దొర, ఎవరితోనైనా పొరపొచ్చాలుంటే ముందు పోయి చక్కబెట్టుకుని రండని చెప్పి కాస్త ఆగినప్పుడు, అందరూ తలలు వంచుకున్న ఆ నిశ్శబ్దంలో జీవమ్మ రసం సరిపోతుందా లేదా అని ఆలోచించేది. చక్కబెట్టుకోవాల్సిన మనిషి ఆదోనిలో ఉంది, మూడు రోజుల నడక, ఏం చేస్తాం అనుకుని రొట్టె తినేది. ఈ సాకు ఆర్నెల్ల కిందట మూటతో నడిచొచ్చి ఇంట్లోనే కూచుంది. ఇప్పుడు అదే మనిషి మూరెడు దూరంలో వంగి, గురగురమంటూ నేల అలుకుతోంది. ఇంకాసేపట్లో తన పక్కన నిలబడి తల వంచుతుంది, దొర అడుగుతాడు, ఏమీ లేదని చెప్పాలి. చెప్తే అయిపోతుంది. చెల్లెలికి కంచె లోపల చోటు దొరుకుతుంది. చెప్పకపోతే ఎవరికి లాభం? చచ్చినవాడు లేచొస్తాడా, ముప్పై ఏళ్ళు వెనక్కొస్తాయా? ఇంత పని పెట్టుకుని, ఇంత పొద్దెక్కి, మోకాళ్ళు ఇలా సలుపుతుంటే ఇప్పుడెందుకు ఇదంతా? మోయలేక అలసిపోయాను, అంతే, అనుకుంది. ధైర్యం వచ్చి కాదు, బుద్ధి వచ్చి కూడా కాదు. భుజం పట్టేసినవాడు మూట దింపినట్టే దింపాలని ఉంది.

"ఓబుళీ."

"ఊ."

"ఆ కాలం దొర నిన్ను పంపియ్యమనల్యా. నేనే పంపిచ్చినా."

ఓబులమ్మ చెయ్యి ఒక వంపు పూర్తి చేసి ఆగింది. "ఏంది?"

"గేరి చివర గుడిసె ఏసిస్తా, నీ మొగుడే గింజలు కొలుస్తాడు, ఆడ ఉండనీ, పిల్లోడు దాని కండ్ల ముందరే ఉంటాడు, నీకు సమ్మతమేనా అని అడిగినాడు. రెండు తూర్లు అడిగినాడు. నేను వద్దన్యా. బయటికొచ్చి మీకు దొర ఒప్పుకోలేదని చెప్పినా."

చెప్పేశాక చుట్టూ ఏదో కూలుతుందనుకుంది. ఏమీ కూలలేదు. కప్పులో బోదగడ్డి మధ్య నుంచి పడిన ఎండ చుక్క తడి నేల మీద మెరుస్తోంది, బయట ఎవరిదో పిల్ల తల దువ్వించుకుంటూ ఏడుస్తోంది. ఓబులమ్మ తన పేడ చెయ్యి వంకే చూస్తూ కూచుంది. అరుస్తుందనుకుంది, కొడుతుందని కూడా అనుకుంది, కొడితే బాగుండుననుకుంది.

"చివర అంటే యాడ?" అంది ఓబులమ్మ. "గిడ్డయ్య దొడ్డి ఎనకాలనా?"

"ఆ. ఆ రాతిగుండు కాడ."

"ఆడ మధ్యాన్నం దాకా నీడుంటాది."

జీవమ్మ పేడ బుట్ట తన వైపు లాక్కుంది.

"పిల్లోడు బడికి పోయేది ఆ దోవనే గదా" అంది మళ్ళీ.

"ఆ దోవనే."

ఆ గుడిసెలో ఓబులమ్మ కాసేపు కాపురం చేసిందని జీవమ్మకు తెలుస్తూనే ఉంది. కళ్ళు నేల మీదే ఉన్నాయి గానీ మనిషి అక్కడ లేదు, గుడిసె ముందు కూచుని, పలక పట్టుకుని పోయే పిల్లోణ్ణి చూస్తోంది. ఒకరోజు కాదు, ఎన్నో రోజులు చూసింది. వాడికి పళ్ళూడటం, జ్వరాలు రావడం, మీసం రావడం, అన్నీ ఆ రాతిగుండు నీడలో కూచుని చూసింది. ఇన్నాళ్ళూ దేవుడి కట్టడి అని, రాత అని, ఎవరూ ఏమీ చెయ్యలేరని సర్దుకున్న మనిషికి, ఒక గుడిసె ఉండేదని, గింజలుండేవని, ఒక్క ఆడది తల ఊపి ఉంటే సరిపోయేదని ఇప్పుడు చెప్పింది తను. చెప్పకుండా ఉంటే అదొక పాపం, చెప్పడం ఇంకో పాపమేమో. తన బరువు దింపుకున్నాననుకుంది గానీ, తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టిందని ఇప్పుడు తెలిసింది. కాళ్ళ మీద పడాలనిపించింది. వంగబోతే మోకాలు కలుక్కుమంది.

"కానియ్, ఆరిపోతాంది" అంది ఓబులమ్మ, చెయ్యి మళ్ళీ అలుకులో ముంచి.

మిగతా నేల ఇద్దరూ అలికారు. అప్పటికే నడుమ ఒకచోట ఆరిపోయింది, ఒకరి చెయ్యి ఇంకొకరి చేతి మీదుగా పోలేదు, బల్ల ముందర నుంచి రెండు మూరల పొడవున గీత పడింది. జీవమ్మ చూసింది, ఓబులమ్మ కూడా చూసింది, ఇద్దరూ దాన్ని అలాగే వదిలేశారు. వాకిట్లోకి వచ్చి ఓబులమ్మ మిగిలిన నీళ్ళతో చేతులు కడుక్కుంది, వేలి సందులు, గోళ్ళు, మోచేతి దాకా, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "ఈ పొద్దు నీళ్ళు పోయిచ్చుకోను" అంది. "దొరకు చెప్పు. ఎందుకని అడిగితే ఏమన్నా చెప్పు, నీకు చెప్పడం వచ్చు గదా."

ఆ దెబ్బ తగలాల్సిందే, తగిలింది. "మల్ల కంచె లోపల... " అనబోయింది జీవమ్మ.

"వచ్చే బల్ల దాకా సావన్లే" అంది ఓబులమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

తెల్లగుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది జీవమ్మ, రొట్టె మీద గుడ్డ కప్పింది, రసం గిన్నె పక్కన పెట్టింది, ఆరిన మేర ముందు వరుసల్లో చాపలు వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ప్రకాశం బడి దగ్గర నుంచి కేకేశాడు, దొర బండి వంక దాటింది, రెండో గంట కొట్టమ్మా అని. కమ్మీ తీసుకుని వేపచెట్టు కిందికి పోయింది. ఒకటి, రెండు, మూడు. ఏడో దెబ్బకు భుజం మళ్ళీ పట్టేసింది, చెయ్యి కిందికి జారిపోయింది, ఎత్తుదామంటే రాలేదు. ఏడు దెబ్బలు కొట్టి ఆపితే గేరిలో ఎవరో పోయినట్టు గుర్తు. జనం చేతిలో పనులు వదిలి బయటికి వచ్చి చూస్తున్నారు, ఎవరు, ఎవరు అని. ఓబులమ్మ వచ్చి, ఆమె మొహం చూడకుండానే చేతిలో నుంచి కమ్మీ లాక్కుని మిగిలిన అయిదూ కొట్టింది. ఆ వంగిన వేళ్ళతో కొట్టిన దెబ్బలు అక్కవాటి కంటే గట్టిగా మోగాయి. కమ్మీ చెట్టు మొదట్లో పడేసి, లోపలికి పోయి, వాకిలి పక్కన వట్టి నేల మీద తన చోట కూచుంది.

గుడి నిండింది. కొత్త దొర కుర్రవాడు, ఎండకు మొహం కందిపోయి ఉంది, పాత దొర లాగే అక్షరం వదలడు. పాట అయింది, ప్రార్థన అయింది. ముందు వరుసలో, బల్లకు కుడివైపున, ఇరవై రెండేళ్ళుగా జీవమ్మ కూచునే చాప ఖాళీగా ఉంది. ప్రకాశం రెండుసార్లు దాని వంక చూశాడు, తర్వాత జనంలో వెతికాడు, చివరికి వాకిలి దగ్గర, బాప్తిస్మం లేనివాళ్ళ మధ్య, ఓబులమ్మకు మూరెడు ఎడంగా వట్టి నేల మీద కూచున్న అమ్మను చూశాడు. వాడి మొహంలో ఏదో అర్థమైనట్టు, అర్థమైంది వద్దనుకున్నట్టు కనబడింది. "ఓబులమ్మ" అని చదివాడు కాయితంలో. ఓబులమ్మ లేవలేదు. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగారు. "సాక్షిగా నిలుచునది ఎవరు?" అన్నాడు దొర.

జీవమ్మ గోడ పట్టుకుని లేచింది.

"అమ్మా, దేవుని యెదుట సత్యము చెప్పుము. ఈమెకును నీకును మధ్య ఏమైనను ఉన్నదా?"

ప్రకాశం ఆమె వంక చూస్తూ, కనబడీ కనబడనట్టు తల అడ్డంగా ఊపాడు, లేదను అమ్మా అని. చిన్నప్పుడు మెడ చుట్టూ చేతులేసిన పిల్లోడు. వాడు కూడా పోతాడేమో ఇప్పుడు, అనుకుంది. ఆ భయం ఒక్కటే ఈ ముప్పై ఏళ్ళూ నిజంగా ఉన్న భయం, ఇప్పుడు దానికి కూడా ఓపిక లేదు.

"ఉండాది దొరా" అంది.

గుడిలో ఎవరో దగ్గారు. దొర పుస్తకంలో ఆ జవాబుకు తర్వాతి మాట లేదు కాబోలు, పేజీ తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఏమి ఉన్నదమ్మా?" అన్నాడు చివరికి, ఈసారి పుస్తకం చూడకుండా.

"చెప్తా. శానా ఉండాది. నిలబడి చెప్పలేను, కూచోని చెప్తా."

గోడ వదిలి కూచోబోయింది. వాకిలి దగ్గర చివరగా అలికిన చోటు, అక్కడ ఇంకా ఆరలేదు. ఓబులమ్మ తల తిప్పలేదు, కళ్ళు బల్ల మీది తెల్లగుడ్డ వైపే ఉన్నాయి. అలాగే చూస్తూ జానెడు పక్కకు జరిగింది.

"ఆడ పచ్చిగుండాది," అంది. "ఇట్ల కూచో."